ముడి లేని గుడ్డ

మా చేనేత సంఘం ప్రెసిడెంటు అంకమ్మరావుతో నేను మాట మానేసి పది నెలలు దాటింది. రోడ్డు మీద ఎదురైతే అవతలి పక్కకి జరుగుతాను. ‘పెద్దమనిషి, మంచే చెయ్యబోయాడు, పోనీలే రాంబాబూ’ అంటారు మా వీధివాళ్లు. నేను పోనివ్వను. అంకమ్మరావు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ఇరవై ఏళ్లయింది. ఉయ్యూరులో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. పగలంతా అక్కడ మరమగ్గాల చీరలు అమ్ముతాడు, సాయంత్రం మా వీధికొచ్చి చేనేతని బతికించుకోవాలని చెబుతాడు. అయినా నేను మాట మానేసింది అందుకు కాదు. యుద్ధం వచ్చిందని చెప్పి నా మగ్గం మీద ఉన్న పడుగుని దింపించాడు. ఆ పడుగు మా అక్కది.

మా అక్క నాగవేణి నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ ఎప్పుడూ మంచం పట్టిన మనిషి కాబట్టి నన్ను పెంచింది అక్కే. నాన్న మగ్గం మీద ఉంటే అక్క రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్టని కండె అంటాం. అది అందించే మనిషి లేకపోతే మగ్గం ఆగిపోతుంది. అక్కకి పెళ్లయి బెజవాడ వెళ్లిపోయేనాటికి నాకు పదకొండేళ్లు. కండెలు చుట్టేవాళ్లు లేక నాన్న నన్ను ఆరో తరగతిలో బడి మానిపించి రాట్నం ముందు కూర్చోబెట్టాడు.

“నేను పెళ్లి చేసుకోకపోతే నువ్వు కలెక్టరయ్యేవాడివిరా” అనేది అక్క, వచ్చినప్పుడల్లా.

“లెక్కల్లో నాకు తొమ్మిది మార్కులొచ్చాయక్కా.”

“ఆ తొమ్మిదైనా నేను చెప్పబట్టేగా.”

అక్కకీ ఒక కొరత ఉండిపోయింది. ఆమె పెళ్లినాటికి నాన్న షావుకారు నూలు నేస్తున్నాడు. ఆ మగ్గం మీద సొంత చీర నేసుకునే వీల్లేదు. చివరికి కొట్లో అప్పు పెట్టి మిల్లు చీర తెచ్చారు. నేతగాడి కూతురు మిల్లు చీరలో పీటల మీద కూర్చుందని పెళ్లిలోనే ఎవరో నవ్వారట. అక్క ఆ మాట నవ్వుతూనే చెప్పేది, కానీ నలభై ఏళ్లు చెప్పింది.

నిరుడు ఏప్రిల్లో అక్కకి లివరు క్యాన్సరని తేలింది. ఆసుపత్రి వాళ్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. బావ పోయినప్పటి నుంచీ అక్క తన కూతురు మాధురి దగ్గరే ఉంటోంది, ఆటోనగర్ దగ్గర. మాధురి భర్తకి అక్కడే లారీ స్ప్రింగు కట్టల షాపుంది. నేను చూడటానికి వెళ్లిన రోజున అక్క మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. మాధురి కాఫీ తేవడానికి లోపలికి వెళ్లగానే నన్ను దగ్గరికి రమ్మంది.

“ఒరేయ్, నేను పోతే పుట్టింటి చీర నువ్వే తేవాలిగా.”

“ఇప్పుడా మాటలెందుకక్కా.”

“మరెప్పుడు మాట్లాడను, పోయాకా? విను. ఆ కప్పే చీర నాకొద్దు. నేను చూసేది లేదు, కట్టేది లేదు, బాగుందో లేదో చెప్పేది లేదు. అదేదో ఇప్పుడే నీ చేత్తో నేసి పట్టుకురా. కట్టుకుని అద్దంలో చూసుకుంటా. ఆ తర్వాత గోనె పట్టా కప్పుకోండి, నేనేమన్నా లేచి అడుగుతానా.”

“ఏ రంగు కావాలి?”

“నీకు తెలిసిన రంగులు రెండేగా. ఎరుపు, ఎరుపు కానిది. ఎరుపు కానిదే వెయ్యి.”

వచ్చేటప్పుడు మాధురి గేటు దాకా వచ్చింది. “రెండు వారాలు, మహా అయితే మూడు అన్నారు మామయ్యా” అని మెల్లిగా చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే నా భార్య చౌడేశ్వరమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. “బతికున్న మనిషికి పుట్టింటి చీర పట్టుకెళ్తారా ఎవరన్నా? వినేవాళ్లు ఏమనుకుంటారండీ?” అంది. అంటూనే మర్నాడు రంగు నీళ్లు కాచింది. ఒక్క చీర కోసం పడుగు చెయ్యడం మాలో ఎవరూ చెయ్యని పని. నాలుగు చీరలకి పట్టే శ్రమ ఒక్కదానికీ పడుతుంది. అయినా చేశాం. చిలకపచ్చ ఒళ్లు, జరీ గీతతో నేరేడు రంగు అంచు. సన్న నూలు. మే నెల మొదటి శనివారం మగ్గం ఎక్కాను. గజం నేశాక ఫోన్లో ఫోటో తీసి మాధురికి పంపాను. ‘అమ్మ ఫోను కింద పెట్టట్లేదు మామయ్యా’ అని రాసింది. మంగళవారం రాత్రికి నాలుగు గజాలయింది. ఇంకా గజంన్నర, చెంగు మిగిలాయి. మూడు రోజుల పని.

బుధవారం పొద్దున్న లేచేసరికి టీవీలో యుద్ధం. ఏ చానెల్ పెట్టినా సైరన్ మోత. సాయంత్రం అంకమ్మరావు సంఘం ఆఫీసులో మీటింగు పెట్టాడు. ఆ గోడ మీద ఒక పలక ఉంది. అరవై అయిదులో, డెబ్బై ఒకటిలో సైనికుల ఆసుపత్రులకి గాయాల మీద కట్టే కట్టుగుడ్డ నేసి పంపినవాళ్ల పేర్లు దాని మీద రాసి ఉంటాయి. మొదటి పేరు మా నాన్నది.

“మన వీధి రెండు యుద్ధాల్లో చెయ్యి వేసింది” అన్నాడు అంకమ్మరావు. “అప్పుడు ముప్ఫై రెండు మగ్గాలు. ఇప్పుడు తొమ్మిది. తొమ్మిదీ కదలాలి. నూలు నేను తెప్పిస్తున్నా. రాంబాబూ, డెబ్బై ఒకటిలో మీ నాన్న పదమూడు రోజులు మగ్గం దిగలేదు, తెలుసా?”

“దిగకపోవడమేంటి” అన్నాడు మూల కూర్చున్న సోమలింగం బాబాయి. ఆ రోజుల్లో నేసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. ఎనభై దాటాయి. “అన్నానికి దిగేవాడు. చుట్ట కాల్చుకోవడానికి అయిదుసార్లు దిగేవాడు. నేను పక్క మగ్గమేగా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చెప్పాను, నా మగ్గం మీద అక్క చీరుందని, అక్కకి టైము లేదని.

“ఎంత పనుంది?”

“మూడు రోజులు.”

“సోమవారం నేసుకోవచ్చు కదయ్యా. అక్కడ పిల్లలు నెత్తురోడుతుంటే మనం చీరలకి చెంగులు నేసుకుంటామా?”

“ఎనిమిది మగ్గాలు చాలవా?”

“ఎనిమిదైతే ఎవరో కొంతమంది నేశారని అంటారు. తొమ్మిదైతే వీధి నేసిందంటారు” అని పలక వైపు చూశాడు. “మీ నాన్న పేరు పైనుంది. నీ ఇష్టం.”

ఇష్టం అన్నాడు. అందుకే మా వాళ్లు అతన్ని తప్పు పట్టరు. అక్కడున్న వాళ్లంతా నా వైపు చూస్తుంటే, నాన్న పేరు అంత పైన ఉంటే, నేనేమనగలను? సరేనన్నాను. లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

లేవబోతుంటే సోమలింగం బాబాయి ఆపాడు. “ఒక మాట. కట్టుగుడ్డలో ముడి ఉండకూడదు. నూలు తెగితే ముడెయ్యకండి, ఎంగిలి తడి చేసి మెలేసి అతకండి. ముడి పుండు మీద పడితే ఒత్తుకుంటది. కుర్రోడు రాత్రంతా నిద్రపోడు.”

“ఎంగిలి కాదు బాబాయ్, నీళ్లు” అన్నాడు అంకమ్మరావు.

“అప్పుడు ఎంగిలే. ఎవడూ చావలా.”

“చచ్చినవాడొచ్చి చెప్తాడేంటి నీకు?”

గురువారం పొద్దున్నే అక్క పడుగు దించాను. నేసిన నాలుగు గజాలు, మిగిలిన పడుగు, పోగులు దూర్చిన దువ్వెనలాంటి అచ్చుతో సహా చుట్టి పాత పంచెలో కట్టి అటక మీద పెట్టాను. అచ్చులోంచి పోగులు జారకుండా చౌడేశ్వరమ్మ రెండు పక్కలా కర్రలు కట్టింది. తర్వాత అక్కకి ఫోను చేశాను. ఆమె తిడితే బాగుండునని నాకు లోపల ఉంది. తిడితే అదే సాకుగా వెనక్కి ఎక్కించేవాణ్ణి.

“కట్టుగుడ్డా?” అంది అక్క. గొంతు సన్నగా వస్తోంది. “డెబ్బై ఒకటిలో నాకు ఏడేళ్లురా. నేనూ చుట్టా కండెలు. ఎక్కడన్నా ముడి కనబడితే నాన్న వేళ్ల మీద కొట్టేవాడు. నెయ్యి నెయ్యి. పాపం, ఏ తల్లి పిల్లలో.”

“మరి నీ చీర?”

“నేనెక్కడికి పోతానురా. మంచం దిగడానికే మాధురి కావాలి.”

మూడు రోజులు నేశాం. ఒక మాట ఒప్పుకోవాలి. తొమ్మిది మగ్గాలు ఒకేసారి ఆడటం మా వీధిలో నేను విని పదిహేనేళ్లయింది. కట్టుగుడ్డకి పోగులు పలచగా ఉంటాయి, చెయ్యి పరుగెడుతుంది. ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని కండెలు చుట్టారు. పొలాల వాళ్లు బిందెలతో మజ్జిగ పట్టుకొచ్చారు. ఎప్పుడూ మా వీధి వైపు చూడనివాళ్లు కూడా వచ్చి మగ్గాల దగ్గర నిలబడి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. పోగు తెగితే ముడెయ్యకుండా, తడి చేసి మెలేసి, ఊపిరి బిగబట్టి అతికేవాళ్లం. నలభై ఏళ్లుగా వేళ్లకి ముడెయ్యడమే అలవాటు. మర్చిపోయి ముడేస్తే విప్పి మళ్లీ అతికేవాళ్లం.

శుక్రవారం శౌరమ్మగారు వచ్చారు. చర్చి వీధిలో ఉంటారు, బెజవాడలో నర్సుగా చేసి రిటైరయ్యారు. గుడ్డని వేళ్ల మధ్య పట్టుకుని చూశారు.

“ఎంత బాగా నేశావు నాయనా. కానీ ఇప్పుడివి ఎవరు వాడతన్నారు? అన్నీ సీలేసిన ప్యాకెట్లేగా. విడిగుడ్డ ఆసుపత్రి గుమ్మం కూడా దాటనివ్వరు.”

“మిలిటరీ వాళ్ల సంగతి మీకేం తెలుసండీ” అన్నాను. “మా నాన్న నేసి పంపాడు.”

ఆవిడ మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆ మాట నేను ఆ రోజు అంకమ్మరావుతో చెప్పి ఉండాల్సింది. చెబితే మగ్గం ఆపాల్సి వస్తుందని చెప్పలేదో, మరెందుకు చెప్పలేదో.

శనివారం సాయంత్రం కాల్పులు ఆపేశారని టీవీలో చెప్పారు. వీధంతా చప్పట్లు. నేను మగ్గం మీది గుడ్డ కోసేసి, అక్క పడుగు దింపుదామని అటకకి నిచ్చెన వేస్తున్నాను. అంకమ్మరావు గుమ్మంలోకి వచ్చాడు.

“యుద్ధం ఆగింది కానీ గాయాలు ఆగవుగా రాంబాబూ. సోమవారం బెజవాడ తీసుకెళ్లి ఇచ్చేస్తాం. మొత్తం అయిదొందల పాతిక గజాలు. ముడులు ఎక్కడన్నా మిగిలాయేమో చూడాలి. కుర్రాళ్లు నేసినవి నాకు నమ్మకం లేదు. నీ వేళ్లకి దొరికినట్టు ఇంకెవరి వేళ్లకీ దొరకవు. రేపొక్కరోజు కూర్చో.”

నిచ్చెన గోడకి ఆనించి పెట్టేశాను. ఇది నేను చేసిన పని. ఇది అంకమ్మరావు మీద వెయ్యడానికి పది నెలల నుంచి చూస్తున్నాను, సగమే పడుతోంది.

ఆదివారం పొద్దున్నుంచీ సంఘం ఆఫీసులో కూర్చుని అయిదొందల పాతిక గజాల గుడ్డని వేళ్ల మధ్య నుంచి లాగాను. పక్కన సోమలింగం బాబాయి కూర్చున్నాడు. ఆయనకి చూపు లేదు, వేళ్లతోనే చూస్తాడు. మధ్యాహ్నం మాధురి ఫోను చేసింది.

“మామయ్యా, ఇవ్వాళ వస్తున్నావా?”

“లేదమ్మా. రేపు పడుగు ఎక్కిస్తా. గురువారానికి చీర తెస్తా. అక్క ఎలా ఉంది?”

“పొద్దున్నుంచీ కుర్చీలో కూర్చునే ఉంది.”

“లేచి కూర్చుందా? మంచిదేగా.”

“సరే మామయ్యా” అని పెట్టేసింది.

చీకటి పడేవేళకి ముప్ఫై ఏడు ముడులు దొరికాయి. అన్నీ విప్పాను.

సోమవారం తెల్లవారుజామున అయిదింటికి మాధురి మళ్లీ ఫోను చేసింది. ఈసారి ఏడుపే. నిద్రలోనే పోయింది అక్క.

చౌడేశ్వరమ్మ అటక మీది మూట దింపింది. నేసిన నాలుగు గజాలు కోసి పట్టుకెళ్దామా అని అడిగింది. చెంగు లేని బట్ట. అదీగాక, కప్పే చీర నాకొద్దని ఆమె నోటితో ఆమే చెప్పింది. వద్దన్నాను, మూట మళ్లీ అటకెక్కింది. కానీ ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాను? పుట్టింటి చీర లేకుండా ఆడమనిషిని పంపరు. మొదటి బస్సుకి ఉయ్యూరులో దిగాం. ఆ వేళకి ఏ కొట్టు తెరుస్తారు? అంకమ్మరావుకి ఫోను చేశాను. లుంగీ మీదే వచ్చి షట్టరు ఎత్తాడు. చిలకపచ్చ చీర అడిగితే మూడు తీసి ముందు పరిచాడు. మూడూ మరమగ్గానివే.

“నాగవేణమ్మ అంత తొందరగా పోతుందనుకోలేదయ్యా. డబ్బులొద్దు, ఉంచు” అన్నాడు.

“పుట్టింటి చీర ఊరికే తీసుకోకూడదు” అని చౌడేశ్వరమ్మ కౌంటరు మీద నోట్లు పెట్టింది.

పెళ్లిలో మిల్లు చీర. ఇప్పుడూ అదే. ఆటోనగర్లో ఇంటి ముందు కుర్చీలేశారు. అక్క అత్తింటి వాళ్లలో ఒక ముసలావిడ నన్ను చూడగానే, “పుట్టింటివాళ్లొచ్చారు, చీర తెచ్చారా?” అని గట్టిగా అడిగింది. ఇచ్చాను. ఆవిడ మడత విప్పి అంచు తడిమి, “నువ్వు నేసిందేనా నాయనా?” అంది. అవునన్నాను. అక్క చెవుల ముందే అబద్ధమాడాను.

కప్పబోతుంటే మాధురి ఆగమంది. లోపలికి వెళ్లి ఒక జాకెట్టు తెచ్చింది. నేరేడు రంగు జాకెట్టు.

“నువ్వు పంపిన ఫోటో చూపించి గుడ్డ తెప్పించుకుంది మామయ్యా” అంది. “టైలరు ఇంటికొచ్చి కొలత తీసుకుంటే, వదులుగా కుట్టకు, నేను లావుగా కనబడాలి అని నవ్వించింది. నిన్న పొద్దున్నే స్నానం చేయించమంది. ఈ జాకెట్టేసుకుని, పాత చీరే చుట్టుకుని, వీధి వైపు కుర్చీ వేయించుకుని కూర్చుంది. యుద్ధం ఆగిపోయిందిగా, తమ్ముడు ఇవ్వాళ తెస్తాడు, మగ్గం మీద ఉన్నదాన్ని వాడు వదలడు అంది. నువ్వు గురువారం అన్నావని నేను చెప్పలేదు. వస్తున్నాడమ్మా అన్నాను. చీకటి పడ్డాక తనే, సరే, పడుకోబెట్టవే, వాడికి బస్సు దొరకలేదేమో అంది.”

కుర్చీలో కూర్చుందంటే నేను కోలుకుందనుకున్నాను. ఆ వేళకి నేను ముడులు విప్పుతున్నాను.

ఆ సోమవారమే అంకమ్మరావు వాళ్లు వ్యానులో కట్టుగుడ్డ మూటలు పట్టుకుని బెజవాడ వచ్చారట. ఏదో ఆఫీసులో ఒకాయన మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఇలాంటివి తీసుకోమండీ, సీలు ప్యాకెట్లే, మీ అభిమానానికి థాంక్స్ అన్నాడట. మూటలతో ఫోటో దిగి వెనక్కొచ్చారు. ఫోటో జిల్లా పేపర్లో పడింది. మూటలు సంఘం ఆఫీసులో పడ్డాయి. ఎలుకలు చేరుతున్నాయని నాలుగు రోజుల్లోనే కిలోల లెక్కన అమ్మేశారు.

పదకొండో రోజు కార్యానికి వెళ్లినప్పుడు మాధురి భర్త షాపు దాకా నడిచాను. పక్క షెడ్డులో ఒక మెకానిక్కు లారీ కింద నుంచి బయటికొచ్చి, మోచేతుల దాకా ఉన్న గ్రీజుని తెల్లటి గుడ్డతో తుడుచుకుంటున్నాడు. పలచటి గుడ్డ. అంచు చూడగానే తెలిసింది, ఎడమ పక్క పోగు కొంచెం బిగించి కొట్టడం నా చెయ్యి వాటం.

“ఇదెక్కడిది?” అని అడిగాను.

“కొత్తగా వచ్చిందండీ, కిలో అరవై. బనియను వేస్టు కన్నా నయం. మెత్తగా ఉంటది, ఎక్కడా గీసుకోదు” అన్నాడు.

ఊరికి తిరిగొచ్చాక అటక మీది పడుగు విప్పి చూశాం. దాని మీద మూటలూ సామానూ పడి కర్రలు జారిపోయాయి. అచ్చులోంచి సగం పోగులు బయటికొచ్చి చిక్కుపడిపోయాయి. చౌడేశ్వరమ్మ రెండు రోజులు కూర్చుని విడదీయబోయింది. మూడో రోజు తీసి పారేసింది. నాలుగు గజాల ముక్కని మాధురి అడిగి తీసుకుపోయింది. ఏం చేసిందో నేను అడగలేదు.

ఆ తర్వాత వారానికి అంకమ్మరావు మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. అది కూడా రాయాలి, అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను.

“ఆ గుడ్డ సంగతి నాకు ముందు తెలియలేదు రాంబాబూ. శౌరమ్మగారు నీతో చెప్పారటగా, నువ్వన్నా ఒక మాట అనాల్సింది. పోనీ, అయిందేదో అయింది. గుడ్డ అమ్మిన డబ్బు కొంత ఉంది. నావి కలిపి అందరికీ మూడు రోజుల కూలి సర్దుతున్నా. నీది వేరే లెక్క, పడుగే పోయింది. నీకు ఎంత నష్టమైందో చెప్పు. నోటితో చెప్పు చాలు, కాగితం అక్కర్లేదు.”

లోపల చౌడేశ్వరమ్మ గిన్నెల చప్పుడు ఆపింది. నేనేం చెబుతానోనని వింటోంది. నాకు చెప్పాలని చాలా ఉంది. ఆ కుర్చీ గురించి చెప్పాలని ఉంది, బస్సు దొరకలేదేమో అన్న మాట చెప్పాలని ఉంది. శౌరమ్మగారి మాట నేనెందుకు దాచానో కూడా చెప్పాలని ఉంది. అవేవీ నోట్లోకి రాలేదు. అతను ఎంత అని అడిగాడు, నేను ఎంతో చెప్పాను. అతనితో నేను ఆడిన ఆఖరి మాట అదే. నూలు, రంగు, జరీ, పడుగు కూలి, అచ్చు అతికిన కూలి, అన్నీ కలిపి అయిదు వేల ఎనిమిది వందల డెబ్బై రూపాయలు.